పిడికెడు బియ్యం డబ్బు ఆకలి ఉన్నచోటికి ఎలా చేర్చాలి? గుంటూరు నుంచి అడుగుతున్నాం

బ్రాడీపేట_నాలుగోలైను | సోమవారం, రాత్రి 9:10

అందరికీ వందనాలు. మా చర్చి సంఘంలో స్త్రీల సమాజం లెక్కలు నేను చూస్తాను. మా దగ్గర పిడికెడు బియ్యం పద్ధతి ఇంకా నడుస్తోంది. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తాం. ఆదివారం గుడికి తెచ్చి వేలం వేస్తే వచ్చిన డబ్బు సమాజానిది. మా అమ్మ వాడిన డాల్డా డబ్బానే నేనూ వాడుతున్నాను, మూత పోతే గుడ్డ కట్టాను. మిజోరం సంఘాల్లో 1910 నుంచీ ఇదే పద్ధతి ఉందట.

అలా కూడింది ఇప్పుడు 1,84,000 రూపాయలు. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధం గురించి, 2024 ఆగస్టులో దార్ఫుర్‌లోని జంజం శిబిరంలో కరువు ప్రకటించడం గురించి మా గుడిలో చెప్పినప్పటి నుంచి ఆడవాళ్లకు మనసు ఆగడం లేదు. కొందరు సూడాన్‌కు పంపుదామంటున్నారు, కొందరు మణిపూర్ అంటున్నారు, కొందరు మన పక్కనే ఉన్నవాళ్లను చూద్దామంటున్నారు. బియ్యం, పాత చీరలు పంపాలని ఒక మాట, బస్తాలో సువార్త కరపత్రం పెట్టాలని ఇంకో మాట. ఇలాంటి పనిలో చెయ్యి పెట్టినవాళ్లు చెప్పండి. ఇది పేదవాళ్ల పిడికెడు. వృథా పోతే నాకు నిద్ర పట్టదు.

మిర్చియార్డు_రైతు | సోమవారం, రాత్రి 9:48

అక్కా, నా వంతు పది బస్తాల బియ్యం రాసుకో. బట్టలంటావా, మా ఊళ్లో ఇంటికో మూట తేలిగ్గా వస్తుంది. లారీ కూడా మాట్లాడతాను. ఎక్కడికి పంపాలో చెప్పు చాలు.

కృష్ణలంక_27 | మంగళవారం, ఉదయం 7:05

బాబాయ్, మీ మనసు పెద్దది. కానీ బట్టల సంగతి నేను కళ్లారా చూశాను కాబట్టి చెప్పాలి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా సంఘం కుర్రాళ్లం పదకొండు రోజులు అక్కడే ఉన్నాం. గుళ్లు, మసీదులు, చర్చిలు, గురుద్వారా, అందరూ వండి పంపారు. మొదటి రోజు పులిహోర పొట్లం బంగారం. రెండో రోజు అన్ని దిక్కుల నుంచీ అదే పొట్లం. పైఅంతస్తులో ఉన్నవాళ్ల దగ్గరికి పడవ చేరేసరికి సగం పాసిపోయాయి. పాత బట్టల మూటలు ఫ్లైఓవర్ మీద గుట్టగా పోశారు. వాన పడింది. ఎవరూ విప్పలేదు, చివరికి మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోయింది.

ఒక ముసలావిడ మేడ మీద నుంచి బుట్ట దించి అరిచి అడిగింది: "నాయనా, అన్నం ఉంది. బీపీ బిళ్లలు అయిపోయాయి." ఆవిడ బుట్టలో మేము వేసింది మళ్లీ పులిహోరే. మా దగ్గర ఇంకేం లేదు. ఆ తర్వాత నుంచి పడవ ఎక్కే ముందు ఒకడు నోట్‌బుక్కు పట్టుకుని వెళ్లి ఏం కావాలో రాసుకొచ్చేవాడు. పాలపొడి, నాప్‌కిన్లు, ఫోన్ చార్జింగ్, మందులు. నీళ్లు తీశాక బ్లీచింగ్, గ్యాస్ పొయ్యి, పరుపు.

ముందు అడగాలి. మన ఊళ్లోనే అంత తేడా వస్తే, సూడాన్ సంగతి ఇక్కడ కూర్చుని ఎలా ఊహిస్తాం?

పాత_ఏసీ_కాలేజి | మంగళవారం, ఉదయం 10:20

అమ్మా, గుంటూరు వాళ్లు ఆకలి గురించి అడగడం నాకు సంతోషంగా ఉంది. ఈ నేలకు ఆకలి కొత్త కాదు. 1832-33 నందన కరువులో, మన పెద్దలు డొక్కల కరువు అన్నదే అది, గుంటూరు జిల్లా ఐదు లక్షల జనంలో రెండు లక్షల దాకా పోయారని లెక్క. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆ చావుల జ్ఞాపకం లేకుండా ఆ ఆనకట్ట లేదు. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో అడుగుపెట్టింది 1842లో, ఆ కరువు తర్వాత పదేళ్లకే. అంటే ఆయన చూసిన గుంటూరు మనుషులు పోగా మిగిలిన గుంటూరు.

కరపత్రం సంగతి మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. సాయంత్రం రాస్తాను.

ఆడిటర్_గవర్నర్‌పేట | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను క్రైస్తవుణ్ణి కాదు. ఈ చర్చ శ్రద్ధగా చదువుతున్నాను. నా సందేహం మొహమాటం లేకుండా అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆకలితో ఉన్నవాడి ముందు అన్నం, మతం రెండూ ఒకే చేత్తో పెడితే వాడికి కాదనే స్వేచ్ఛ ఎక్కడిది? మీ అమ్మల పిడికెడు బియ్యం మీద ఆ మచ్చ పడకూడదని నా కోరిక.

పాత_ఏసీ_కాలేజి | మంగళవారం, సాయంత్రం 6:40

శాయశక్తులా సూటిగా చెబుతాను. మీరు అడిగింది మన దగ్గర 1877లోనే ఒకాయనకు వచ్చిన ప్రశ్న. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కుర్రతనంలో సర్వే పని చేసిన మనిషి, కొలతలు తెలుసు. అన్నం ఊరికే పంచలేదు, కూలి ఇచ్చాడు. చుట్టుపక్కల ఊళ్లు కదిలొచ్చి ఆ కాలువ గట్టున పనిచేసి బతికాయి. వాళ్లలో వేలమంది బాప్తిస్మం అడిగారు. కరువు సాయం నడిచిన ఆ పదిహేను నెలలూ ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపాడు. పంపిణీ ముగిశాకే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి.

ఈ రెండో సంగతి మన గుళ్లలో అందరూ చెబుతారు. మొదటిది, ఆ పదిహేను నెలల ఆగడం, ఎవరూ చెప్పరు. నాకు మాత్రం అదే పెద్ద సంగతి.

ఆడిటర్_గవర్నర్‌పేట | మంగళవారం, రాత్రి 8:02

మాస్టారూ, ఈ మాట నేను మొదటిసారి వింటున్నాను. ఒక్కటి మాత్రం అంటాను. ఆపినా, పెట్టిన చెయ్యి ఎవరిదో ఆ జనానికి తెలుసు కదా.

పాత_ఏసీ_కాలేజి | మంగళవారం, రాత్రి 8:30

తెలుసు. కాదనను. మంచి చేసిన చేతిని మనిషి గుర్తుపెట్టుకుంటాడు, దాన్ని ఎవరూ ఆపలేరు. మనం ఆపగలిగింది షరతును. 1994లో రెడ్‌క్రాస్‌తో కలిసి కొన్ని పెద్ద సహాయ సంస్థలు ఒక నడవడి నియమావళి రాసుకున్నాయి. సాయాన్ని ఏ రాజకీయ, మత పక్షాన్ని పెంచడానికీ వాడకూడదని అందులో స్పష్టంగా ఉంది. దాన్ని ముందు నిలబడి తెచ్చినవాళ్లలో కాథలిక్కుల కారితాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ చర్చిల మండలి ఉన్నాయి. అంటే ఈ నియమం బయటివాళ్లు మన మీద రుద్దింది కాదు, మనవాళ్లు సంతకం పెట్టిందే.

మంగళగిరి_సిస్టర్ | బుధవారం, తెల్లవారుజాము 4:50

నైట్ డ్యూటీ అయి ఇప్పుడే చదివాను. నేను దక్షిణ సూడాన్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో పిల్లల వార్డులో రెండేళ్లు పనిచేశాను. 2017 ఫిబ్రవరిలో అక్కడ యూనిటీ రాష్ట్రంలో కరువు ప్రకటించిన రోజులవి. అదేమీ వాన లేని కరువు కాదు. 2013 డిసెంబర్‌లో మొదలైన యుద్ధంలో చేలు తగలబడ్డాయి, పశువుల్ని తోలుకుపోయారు, జనం చిత్తడి నేలల్లో దాక్కుని నీటి కలువ దుంపలు తిన్నారు.

నిజంగా ఎండిపోయిన బిడ్డ అన్నం కోసం ఏడవదు. ఇది మనవాళ్లకు తెలియదు. ఏడ్చే బిడ్డను చూస్తే మాకు ధైర్యం. నాలుగు రోజులు నడిచి ఒకమ్మ బిడ్డను తెచ్చింది. ఎడమ జబ్బకు చుట్టుకొలత చూసే రంగుల పట్టీ చుట్టాను. 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు, అంటే ప్రాణాపాయం. ఆ బిడ్డది 9.8. నా బొటనవేలు, చూపుడువేలు కలిపితే ఆ జబ్బ అందులో ఇమిడింది. వేరుశనగ ముద్ద పొట్లం చింపి పెదవికి రాశాను, తింటుందేమోనని చూడటానికి. మొహం తిప్పుకుంది. అలాంటి బిడ్డకు జాలితో కడుపునిండా పెడితే ఒంట్లో లవణాలు ఒక్కసారిగా పడిపోయి గుండె ఆగిపోతుంది. పల్చటి మందు పాలు, ఎఫ్-75 అంటారు, రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా ముక్కు గొట్టంలోంచి పోశాం. ఐదో రోజు మధ్యాహ్నం ఆ పిల్ల నా జేబులో ఉన్న పొట్లం లాగింది. నేను వార్డు బయటికి వెళ్లి ఏడ్చాను.

ఆ పొట్లం 92 గ్రాములు, 500 కేలరీలు. వేరుశనగ, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు. నీళ్లు కలపక్కర్లేదు, అందుకే మంచినీళ్లు లేని చోట అది ప్రాణం. ఒక బిడ్డ కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, సుమారు 150 పొట్లాలు.

వార్డులో డింకా తల్లులూ నువేర్ తల్లులూ పక్కపక్క మంచాల మీద ఉండేవాళ్లు. బయట వాళ్ల మగవాళ్లు ఒకరినొకరు చంపుకుంటున్నారు. చేర్చుకునే కాగితంలో తెగ రాసే గడి మేము తీసేశాం. పొద్దున్నే వరండాలో ప్రార్థన ఉండేది, వచ్చేవాళ్లు వచ్చేవాళ్లు, రానివాళ్ల బిడ్డకు పాలు అదే వేళకు అందేవి. నేను ప్రతి బిడ్డ మీదా చెయ్యి ఉంచి ప్రార్థించాను, ఇప్పటికీ చేస్తాను. కరపత్రం ఏ బస్తాలోనూ పెట్టకండి అక్కా.

మిర్చియార్డు_రైతు | బుధవారం, ఉదయం 6:30

సిస్టరమ్మా, చదివి కాసేపు మాట రాలేదు. వేరుశనగ అంటున్నారు కదా, మా బంధువులకు అనంతపురం వైపు చేలున్నాయి. మనమే ఆ ముద్ద చేసి పంపకూడదా?

మంగళగిరి_సిస్టర్ | బుధవారం, మధ్యాహ్నం 2:10

వద్దు బాబాయ్ గారూ. కాయలో తేమ ఉండి బూజు పట్టిందంటే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కంటికి కనపడదు, ఉడికించినా పోదు. పెద్దవాళ్లం తట్టుకుంటామేమో, ఆ పిల్లలు తట్టుకోలేరు. ప్రతి విడతా పరీక్ష చేసే ఫ్యాక్టరీలో తయారు కావాలి. మీ పది బస్తాల బియ్యం కూడా ఓడెక్కి అక్కడికి చేరేసరికి ఖర్చు బియ్యం ధరను మించుతుంది. వాటికి దగ్గర్లోనే చోటు చూపిస్తారు ఎవరైనా.

కెనడాలో_తెనాలి | బుధవారం, రాత్రి 7:25

నమస్కారమండీ. తెనాలి మాది, పద్నాలుగేళ్లుగా కెనడాలో ఉంటున్నాను. రైతు బాబాయి గారి ఆలోచన ఇక్కడి రైతులకు ఎప్పుడో వచ్చింది. 1983 నుంచి కెనడియన్ ఫుడ్‌గ్రెయిన్స్ బ్యాంక్ అని ఉంది, 15 చర్చి సంస్థలు కలిసి నడుపుతున్నాయి. ఒక ఊరి రైతులు కలిసి ఒక చేను దానికోసమే వేస్తారు. కోతల రోజు అందరి మిషన్లూ ఆ చేలో దిగుతాయి, నేనూ ఒకసారి వెళ్లాను. మొదట్లో ఆ గోధుమలే ఓడల్లో పంపేవాళ్లు. 2008లో కెనడా ప్రభుత్వం ఆహార సాయం ఇక్కడి పంటతోనే చేయాలన్న నిబంధన పూర్తిగా తీసేసింది. ఇప్పుడు చాలావరకు పంట ఇక్కడే అమ్మి, ఆ డబ్బుతో ఆకలి ఉన్న దేశంలోనో పక్క దేశంలోనో కొంటారు. అక్కడి రైతుకూ నాలుగు డబ్బులు వస్తాయి.

స్త్రీల సమాజానికి నేనూ 50,000 పంపుతాను. ఖాతా నంబరు ఇవ్వండి.

నిర్వాహకుడు | బుధవారం, రాత్రి 7:40

ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దని మనవి.

ఆడిటర్_గవర్నర్‌పేట | బుధవారం, రాత్రి 9:05

అమ్మా, ఖాతా నంబరు విడిగా కూడా ఇవ్వకండి, ముందు ఇది చదవండి. తెనాలి గారూ, మీ పాస్‌పోర్టు ఇంకా మన దేశానిదేనా?

కెనడాలో_తెనాలి | గురువారం, ఉదయం 5:55

లేదండీ, 2019లో ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాను. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది.

ఆడిటర్_గవర్నర్‌పేట | గురువారం, ఉదయం 8:30

అయితే మీ నుంచి సమాజం ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఓసీఐ ఉన్నా చట్టం లెక్కలో మీది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సమాజం దాన్ని తీసుకుంటే నేరం. నమోదు ఉన్నవాళ్లు కూడా 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో ఖాతా తెరిచి అందులోనే తీసుకోవాలి, ఆ డబ్బు ఇంకో సంస్థకు బదలాయించకూడదు, ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు. అంతకుముందు అది 50 శాతం. పెద్ద సంస్థ దగ్గర డబ్బు తీసుకుని పల్లెల్లో పనిచేసే చిన్న గుంపులు చాలా ఆ బదలాయింపు నిషేధంతోనే ఆగిపోయాయి.

మీ అబ్బాయో అల్లుడో అమెరికాలో ఉద్యోగం చేస్తూ మన పాస్‌పోర్టుతోనే ఉంటే వాళ్ల సొంత సంపాదన విదేశీ విరాళం కిందికి రాదు. ఇది గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ప్రతి గుడికీ, ప్రతి చర్చికీ తెలియాల్సిన తేడా.

ఇక సమాజం పేరున వసూలైన డబ్బు సూడాన్‌కు పంపడం చిక్కు. సూడాన్ కోసం ఇవ్వాలనుకున్నవాళ్లు ఎవరికి వారు సొంత ఖాతా నుంచి ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమానికి ఇచ్చుకోవచ్చు. సమాజం డబ్బు ఇక్కడే వాడండి. లెక్క రాయడానికి నేను వస్తాను, ఫీజు వద్దు.

తెనాలి_నర్సింగ్_ట్యూటర్ | గురువారం, ఉదయం 11:45

మణిపూర్ గురించి ఒక్క మాట. 2023 మే 3న మైతేయి, కుకీ వర్గాల మధ్య గొడవలు మొదలయ్యాక అరవై వేల మంది ఇళ్లు వదిలారు. అప్పుడు మా హాస్టల్లో చురాచాంద్‌పూర్ అమ్మాయి ఒకతి ఉండేది. వాళ్ల నాన్న శిబిరంలో, ఇల్లు బూడిద. మేమంతా బియ్యం, దుప్పట్ల గురించి మాట్లాడుతుంటే ఆ పిల్ల మెల్లగా చెప్పింది, చెల్లెలి పదో తరగతి సర్టిఫికెట్ ఇంట్లోనే కాలిపోయిందని, కాలేజీ సీటు పోతుందని. మేము నకలు సర్టిఫికెట్‌కు తిరిగాం, ఫీజు కట్టాం. కాలిన చర్చిలు కుకీలవీ ఉన్నాయి, మైతేయిలవీ ఉన్నాయి. మణిపూర్‌కు ఇస్తే రెండు వైపులా శిబిరాల్లో పనిచేసేవాళ్లకే ఇవ్వండి.

చింతూరు_రోడ్డు | గురువారం, రాత్రి 10:15

ఆలస్యంగా చూశాను, ఇక్కడ సిగ్నల్ ఉండదు. "మన పక్కనే ఉన్నవాళ్లు" అన్నారు కదా, వాళ్ల దగ్గరి నుంచే రాస్తున్నాను. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ గుంపు మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లు తగలబడి జనం సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. మనవాళ్లు గుత్తికోయలంటారు. సుప్రీంకోర్టు 2011 జులైలో సల్వాజుడుం చెల్లదని చెప్పింది, కానీ చాలామంది వెనక్కి పోలేదు. అటు మావోయిస్టు దళాలు, ఇటు పోలీసులు, మధ్యలో వీళ్లు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లల్లో కూడా కాగితం లేనివాళ్లున్నారు. కార్డు లేకపోతే రేషన్ లేదు.

విజయవాడ నుంచి మేము ఆరుగురం, ఏ సంస్థా కాదు, తొమ్మిదేళ్లుగా ఇక్కడికి వస్తున్నాం. మా మొదటి ఏడాది తప్పు చెబుతాను. జూన్‌లో ఇంటికి ఇరవై కిలోల వరి విత్తనం ఇచ్చి, దేవుని స్తుతించి, సంతోషంగా వెళ్లిపోయాం. ఆగస్టులో వచ్చి చూస్తే మడి సగం ఖాళీ. ఒకావిడ గుడిసెలోకి పిలిచి కుండ చూపించింది. అడుగున గుప్పెడు విత్తనం మిగిలింది. "పిల్లలు జావ కోసం ఏడుస్తుంటే దంచి పోశాను. కొంచెం దాచాను, మీకు చూపించడానికి" అంది. ఆమె మాకు లెక్క చెబుతోంది! జులై నుంచి సెప్టెంబర్ దాకా పాత గింజ అయిపోయి కొత్త పంట రాని రోజులు. ఆ రోజుల్లో చేతిలో విత్తనం ఉంటే ఏ తల్లి నాటుతుంది?

రెండో ఏడాది నుంచి విత్తనంతో పాటు తినడానికి బియ్యం కూడా ఇస్తున్నాం. ఆ తర్వాత విత్తనం ఎవరూ తినలేదు.

రెండో తప్పు, వీళ్లకు మాత్రమే ఇచ్చాం. అరకిలోమీటరు అవతల పాత కోయ ఊరుంది, వాళ్లూ పేదలే. "మా అడవి నరికి ఉంటున్నవాళ్లకు మీరు బస్తాలు తెస్తారా" అని బండి ఆపారు. న్యాయమైన మాట. ఇప్పుడు చేతి బోరు రెండు ఊళ్లకూ మధ్యలో ఉంది, బాగుచేసే ఖర్చు మేము పెడతాం, తాళం చెవి పాత ఊరి పెద్ద దగ్గర ఉంటుంది.

మిర్చియార్డు_రైతు | శుక్రవారం, ఉదయం 5:40

అన్నా, నా పది బస్తాలు నీ దగ్గరికే. ఏ రకం బియ్యం తింటారు వాళ్లు?

చింతూరు_రోడ్డు | శుక్రవారం, ఉదయం 9:20

దొడ్డు బియ్యం. సన్నబియ్యం జావకు నిలవదంటారు. విత్తనం కూడా వాళ్లు దాచుకుని మళ్లీ వేసుకునే నాటు రకమే కావాలి. హైబ్రిడ్ వద్దు, మరుసటి ఏడాది మళ్లీ మన మొహం చూడాల్సి వస్తుంది.

కృష్ణలంక_27 | శుక్రవారం, ఉదయం 10:00

ఇంకో మాట. బస్తా ఇస్తూ ఫొటో వద్దు. సింగ్‌నగర్‌లో పాలప్యాకెట్టు తీసుకుంటున్న ఒక మాస్టారు మొహం పక్కకు తిప్పుకున్నారు, మా కెమెరా ఉందని. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పినాయన.

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఆరాధన అయ్యాక ఆడవాళ్లం కూర్చున్నాం. ఈ పేజీ మొత్తం పెద్దగా చదివి వినిపించాను. సిస్టర్ రాసింది చదివేటప్పుడు గొంతు పట్టుకుపోతే మా అమ్మాయి అందుకుంది.

సమాజం డబ్బు చింతూరు తమ్ముడు చెప్పిన కుటుంబాలకే ఇద్దామనుకున్నాం. కరపత్రాలు వద్దన్నాం. గట్టిగా పట్టుబట్టిన పెద్దావిడ ఒకరు మాస్టారు చెప్పిన పదిహేను నెలల సంగతి రెండుసార్లు చదివించుకుని ఒప్పుకున్నారు. బదులుగా ప్రతి శుక్రవారం ఆ కుటుంబాల కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. ఫొటోలు, ఫ్లెక్సీ ఉండవు.

లెక్క ఇది. 46 కుటుంబాలు. ఇంటికి వరి విత్తనం 20 కిలోలు 900, కంది విత్తనం రెండు కిలోలు 300, దొడ్డు బియ్యం 50 కిలోలు 2,100, పార ఒకటి 200. మొత్తం 3,500 చొప్పున 1,61,000. రెండు ట్రిప్పులు బండి బాడుగ 15,000. మిగిలిన 8,000 బోరు బాగుకు, పాత ఊరి పెద్ద చేతికి. రైతు తమ్ముడి పది బస్తాలు సెప్టెంబర్ నెలకు విడిగా ఉంచమని చింతూరు తమ్ముడు అడిగాడు. మణిపూర్ అమ్మాయి లాంటి చదువుల ఖర్చుకు వచ్చే మూడు నెలల పిడికెడు బియ్యం డబ్బు. ట్యూటర్ గారు చెబితే అప్పుడు పంపుతాం. సూడాన్ కోసం పన్నెండు మంది ఎవరి ఫోన్ నుంచి వాళ్లు ఇచ్చారు. ఫోన్‌లో చేయడం రాని వాళ్లకు మా అమ్మాయి పక్కన కూర్చుని చేయించింది. తెనాలి బాబు 50,000 అక్కడే ఫుడ్‌గ్రెయిన్స్ బ్యాంకుకు కట్టి రసీదు పంపించాడు.

మొదటి బండి మృగశిర కార్తెకు ముందే బయలుదేరాలి. ఇద్దరు ఆడవాళ్లం కూడా వస్తాం. చింతూరు తమ్ముడూ, రాత్రి ఉండటానికి చోటు, తాగడానికి నీళ్లు ఎలా ఉంటాయో రాయి. ఆ కుండ చూపించిన ఆవిడ ఇంకా అక్కడే ఉంటే మమ్మల్ని వాళ్లింటికి తీసుకెళ్లు.